పదమూడో రోజున అందిన ఉత్తరం

7 జనవరి, మంగళవారం, సాయంత్రం

కొత్త పుస్తకం. మొదటి పేజీలో పేరుకి ఒక గీత, వృత్తికి ఒక గీత ఉన్నాయి. యెట్టె హార్నిష్ అని రాశాను. వృత్తి దగ్గర చాలాసేపు ఆగి, బొగ్గుకొట్టు సెక్రటరీ అని రాశాను. చదువు సంగతి ఎత్తలేదు. తొమ్మిదో సెమిస్టర్‌లో ఉన్నదానికి చదువు గురించి చెప్పుకోడానికి ఏముంది?

మినిట్స్‌లో పట్టనివి రాసుకోడానికి ఈ పుస్తకం. మినిట్స్‌లో ఎవరొచ్చారు, ఏం తీర్మానించారు, ఎన్ని చేతులు లేచాయి, అంతే ఉండాలి. ఎవరి మొహం ఎలా ఉందో రాయకూడదు. మూడేళ్ళుగా అందరి మొహాలూ నాలోనే దాచుకుని తిరుగుతున్నాను.

బొగ్గుకొట్టు అంటే యూనివర్సిటీ పాత భవనం కింద గది. ఒకప్పుడు భవనాన్ని వెచ్చబెట్టే బొగ్గంతా అందులో పోసేవారు. ఇప్పుడు అరవై రెండు కుర్చీలు, రెండు పాత రీలు ప్రొజెక్టర్లు, మంగళవారం మంగళవారం ఏడున్నరకి ఒక సినిమా. నడిపేది స్టూడెంట్ల సంఘం. సంఘం అంటే లిస్టులో ముప్పై ఒక్క మంది. పని దగ్గర నలుగురం.

ఇవాళ ఇరవై రెండో తారీకు సర్వసభ్య సమావేశానికి ఆహ్వానాలు పంపాను. పాత బోర్డు గడువు డిసెంబర్‌తో అయిపోయింది. గది ఒప్పందం మార్చి ముప్పై ఒకటితో అయిపోతుంది. కొత్త బోర్డు పేర్లు కోర్టులో ఉండే సంఘాల రిజిస్టర్లోకి ఎక్కితేనే ఒప్పందం పొడిగిస్తామని యూనివర్సిటీ వాళ్ళు రాశారు. అందుకే ఈ సమావేశం. నియమం ప్రకారం ఆహ్వానం పధ్నాలుగు రోజుల ముందు అందరికీ అందాలి. ముప్పై మందికి ఈమెయిల్. నోవాక్ గారికి మాత్రం ఉత్తరం, ఆయనకి ఈమెయిల్ లేదు, పెట్టుకోరట.

ఉత్తరం బ్యాగ్‌లో పెట్టుకుని స్విమ్మింగ్‌కి వెళ్ళాను. కొలనులో ఎవరూ లేరు. ఒళ్ళు హాయిగా ఉండి ఇంకో పది ల్యాప్‌లు వేశాను. బయటికొచ్చి పోస్టు డబ్బాలో వేసేసరికి ఐదూ ఇరవై. చివరిసారి తీసేది ఐదింటికి అని డబ్బా మీద రాసుంది. పోనీలే, ఊళ్ళో ఉత్తరమే కదా, రేపు తీసి రేపే ఇస్తారు.

14 జనవరి, మంగళవారం

తొమ్మిది మంది వచ్చారు. అందులో ఇద్దరు చలికి వచ్చారని నా అనుమానం.

నోవాక్ గారు ఆరున్నరకే వచ్చి మెషీన్లు వేడెక్కించారు. ఈయన సంగతి రాయాలి. వయసు డెబ్భై మూడు. ఇరవై అయిదేళ్ళప్పుడు ఈ భవనంలోనే బాయిలర్ దగ్గర పనికి చేరారు. ఇప్పుడు మూడో వరస కుర్చీలున్న చోట నిలబడి పారతో బొగ్గు తోసేవారు. తర్వాత పట్టణం వేడినీళ్ళ పైపులు వచ్చాయి, బొగ్గు పోయింది, అప్పటి స్టూడెంట్లు గదికి సున్నం కొట్టి సినిమా మొదలెట్టారు. మెషీన్ పట్టడం ఎవరికీ చేతకాలేదు. ఈయన నేర్చుకున్నారు. అప్పట్నుంచి దేశం పేరు మారింది, డబ్బు మారింది, నోవాక్ గారి మంగళవారం మారలేదు. భార్య పోయాక మిగతా రోజులు ఏం చేస్తారో నాకు తెలీదు. అడిగితే, మంగళవారం కోసం తయారవుతా అంటారు.

నన్ను సెక్రటరీ గారూ అని పిలుస్తారు. మొదట్లో వెక్కిరింత అనుకున్నాను. కాదు.

22 జనవరి, బుధవారం

సమావేశం. పధ్నాలుగు మంది. నోవాక్ గారు ఐయర్‌షెక్కె కేకు తెచ్చారు, స్కేలు పెట్టి కోసినట్టు ముక్కలన్నీ ఒకే కొలత.

మాల్టె నడిపించాడు. మాల్టె చలాకీ మనిషి, అందరికీ ఫ్రెండు, దేనికీ నో అనడు. సమావేశం మొదట్లో ఒక ప్రశ్న అడగాలి: ఆహ్వానం అందరికీ గడువులోగా అందిందా? మూడేళ్ళుగా ఈ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పగా నేను వినలేదు. అందరూ కేకు వైపు చూస్తారు, అందింది అని నేను రాసుకుంటాను.

ఇవాళ నోవాక్ గారు చెయ్యెత్తారు. నాకు తొమ్మిదో తారీకున అందిందండీ, అంటే పదమూడు రోజులు, అభ్యంతరమేం లేదు, రికార్డు కోసం చెబుతున్నా అన్నారు. కోటు జేబులోంచి కవరు తీసి చూపించారు. వచ్చిన ప్రతి ఉత్తరం మీదా మూలన పెన్సిల్‌తో తారీకు వేసుకుంటారట. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. మాల్టె, రికార్డు కోసం సరే, కడుపు కోసం కేకు మొదలెడదామా అన్నాడు.

ఎన్నిక అయిపోయింది. మాల్టె అధ్యక్షుడు, రోన్యా కోశాధికారి, నేను సెక్రటరీ. బోర్డులో ముగ్గురుండాలి, ముగ్గురూ ఇంకా చదువుతున్న స్టూడెంట్లయి ఉండాలి, అందుకే నోవాక్ గారు ఎన్నేళ్ళున్నా బోర్డులోకి రాలేరు. పధ్నాలుగు చేతులూ లేచాయి. ఆయన చెయ్యి అందరికన్నా పైకి లేచింది.

సంతోషంగా ఉంది. ఇలాంటి మాట రాసి ఎన్నాళ్ళయిందో.

24 జనవరి, శుక్రవారం

కోర్టుకి పంపాల్సిన మినిట్స్ టైపు చేస్తున్నాను. మొదటి వాక్యం దగ్గరే ఇరుక్కున్నాను. మాల్టెకి ఫోన్ చేశాను.

అది రాయకే తల్లీ అన్నాడు. ఆయన సరదాకి అన్నారు, నువ్వు దాన్ని కోర్టుకి పంపుతావా అన్నాడు. కోర్టులో ఎవరూ చదవరు కానీ చదివితే మాత్రం తంటా అన్నాడు. ఎవరూ చదవకపోతే రాస్తే నష్టమేంటి, ఎవరన్నా చదివితే రాయకపోవడం అబద్ధం అవదా అన్నాను. నీతో వాదించే ఓపిక నాకు లేదు, నీ ఇష్టం అన్నాడు.

రాశాను. నోవాక్ గారికి ఆహ్వానం పదమూడో రోజున అందినట్టు ఆయన తెలియజేశారు, అభ్యంతరం లేదన్నారు. మిగతా ముప్పై మందికీ గడువులోగా అందింది.

రాశాక మనసు తేలికపడింది. అదీ నా బుద్ధి. ఏదన్నా వంకరగా ఉంటే నిద్ర పట్టదు, తిన్నగా రాస్తే దాని వల్ల కొంప మునిగినా పడుతుంది.

18 ఫిబ్రవరి, మంగళవారం

అక్టోబర్‌లో యూనివర్సిటీలో కొత్తగా చేరే వాళ్ళకి ఇచ్చే పుస్తకం కోసం ఫారం వచ్చింది. "సంస్కృతి, తీరిక" అనే పేజీ. మీ వివరాలు నిరుటివే సరిపోతాయా అని అడిగారు.

పేజీ మొత్తం చదివాను. ఈ ఊళ్ళో స్టూడెంటుకి లేనిదేముంది? సంగీత సభలో మిగిలిపోయిన టికెట్లు చవగ్గా. నెలలో ఒక రోజు మ్యూజియం ఉచితం. తవ్వేసిన బొగ్గు గనుల్లో నీళ్ళు నింపి చేసిన చెరువులు, పడవలు. ఆటగా ఎక్కడానికి గోడలు, తిరగడానికి అడవి, నవ్వడానికి నాటకం. ముప్పై నాలుగు చోట్లు. ముప్పై ఒకటోది మేము: బొగ్గుకొట్టు, పాత భవనం కింద, మంగళవారం ఏడున్నర.

అన్నీ సరిగ్గా ఉన్నాయి అని టిక్కు పెట్టాను. పంపేశాను.

సాయంత్రం సినిమాకి ఏడుగురు.

25 ఫిబ్రవరి, మంగళవారం

కోర్టు రిజిస్ట్రీ నుంచి ఉత్తరం. చదివారు.

ఒక సభ్యుడికి ఆహ్వానం గడువులోగా అందలేదని మీ మినిట్స్‌లోనే ఉంది కనుక సమావేశం సరైన పద్ధతిలో పిలిచినట్టు కాదు, ఎన్నిక చెల్లదు, మళ్ళీ సమావేశం పెట్టి పంపండి. ఒక పేజీ. చాలా మర్యాదగా రాశారు. తప్పు పట్టడానికి ఒక్క ముక్క లేదు.

నాలుగుసార్లు చదివాను. నేను పది ల్యాప్‌లు ఎక్కువ ఈదాను, ఆయన ఒక మాట ఎక్కువ అన్నారు, నేను ఒక వాక్యం ఎక్కువ రాశాను.

మధ్యాహ్నం యూనివర్సిటీ భవనాల విభాగంలో పెట్సోల్ట్ మేడమ్‌ని కలిశాను. కోప్పడతారనుకున్నాను, కాఫీ ఇచ్చారు. కొత్త బోర్డు ముగ్గురూ నోటరీ ముందు సంతకం చేసిన కాగితం ముప్పై ఒకటిలోపు నా బల్ల మీద ఉంటే చాలు, కోర్టు ముద్ర తర్వాత పడినా నేను చూసుకుంటా అన్నారు. ముప్పై ఒకటి దాటితే మాత్రం నా చేతుల్లో లేదు, ఆ గది లెర్నింగ్ లాంజ్ కోసం అడుగుతున్నారు అన్నారు. అంటే సోఫాలు, ప్లగ్ పాయింట్లు. ఆవిడకీ అది ఇష్టం లేదని మొహం చూస్తే తెలుస్తోంది. నేనూ సినిమాకి వచ్చేదాన్ని ఒకప్పుడు, మీ గదిలోనే మొదటి ముద్దు పెట్టించుకున్నా అన్నారు. దాన్ని మినిట్స్‌లో రాయలేం కదా.

26 ఫిబ్రవరి, బుధవారం

రెండో సమావేశం మార్చి పధ్నాలుగున. ఈమెయిళ్ళు పొద్దున్నే వెళ్ళిపోయాయి. ఈసారి నోవాక్ గారి ఉత్తరం పోస్టులో వెయ్యను, ప్రాణం పోయినా వెయ్యను.

27 ఫిబ్రవరి, గురువారం

ట్రామెక్కి గ్రూనావ్‌లో నోవాక్ గారింటికి వెళ్ళాను. పది అంతస్తుల భవనాలు, అన్నీ ఒకేలా. ఆయనది ఆరో అంతస్తు. చెప్పులు గుమ్మం బయట విడిచాను, ఆయన లోపల్నుంచి ఊలు చెప్పులు తెచ్చి ఇచ్చారు. భార్యవి అనుకుంటాను. నాకు సరిగ్గా సరిపోయాయి.

ఉత్తరం చేతికిచ్చాను. మూలన పెన్సిల్‌తో 27.2. అని రాసుకున్నారు, నా ముందే. పదిహేను రోజులు, బాగుంది అన్నారు.

మళ్ళీ సమావేశం ఎందుకు అని అడిగారు. ఫారంలో చిన్న పొరపాటు అన్నాను. ఎవరిది అన్నారు. నాది అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. మీరు పొరపాట్లు చెయ్యరే అన్నారు. టీ పోశారు. గోడ మీద ఒకే ఒక ఫొటో, బొగ్గు మసితో పళ్ళు మాత్రం తెల్లగా కుర్రాడు. వెనక మా గది. కిటికీ చూసి గుర్తుపట్టాను.

వెళ్తుంటే చెప్పారు, ఆ గది నా మొహం మీద తలుపేసే రోజు నేను చూడకుండా పోతే బాగుండు అని. నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేదు. ఆ గది పోతే ఈయనకి వారంలో ఏడు రోజులూ ఒకేలా ఉంటాయి, ఈ భవనాల్లాగే. నాకు అదొక్కటే కనిపిస్తోంది.

14 మార్చి, శుక్రవారం

పొద్దున్న తొమ్మిదింటికి మాల్టె మెసేజ్. నార్వేలో సీటు వచ్చింది, ఏప్రిల్ నుంచి అక్కడే, బోర్డులో ఉండలేను, ఎంత బాధగా ఉందో నీకు చెప్పలేను. చివర నవ్వు మొహం ఒకటి, ఏడుపు మొహం ఒకటి.

సాయంత్రం సమావేశం. అయిదుగురం. రోన్యా, నేను, నోవాక్ గారు, పేర్లు సరిగ్గా తెలియని ఇద్దరు. నోవాక్ గారు మళ్ళీ కేకు తెచ్చారు, పధ్నాలుగు మందికి.

నేనే నడిపాను. ఆహ్వానం గడువులోగా అందిందా అని అడిగాను. అందింది అన్నారు నోవాక్ గారు, గట్టిగా. మొదటి అంశం, ఇదివరకటి ఎన్నిక ఎందుకు చెల్లలేదు. పద్ధతిలో లోపం వల్ల అని రెండు ముక్కల్లో చెప్పి రెండో అంశానికి పోబోయాను. ఆయన చెయ్యెత్తారు. కోర్టు ఉత్తరం చదివి వినిపించాలి కదా సెక్రటరీ గారూ, రికార్డు కోసం అన్నారు.

అవసరం లేదులెండి అని రోన్యా అంది. రోన్యా మంచి పిల్ల. ఆయన ఆమె వైపు చూసి, సభ్యులకి వినే హక్కుందమ్మా, ఏడో నిబంధన అన్నారు.

చదివాను. ఒక సభ్యుడికి అనే చోట తడబడి, మళ్ళీ మొదట్నుంచి చదివాను. ఎవరూ ఆయన వైపు చూడలేదు. చూడకపోవడమే పెద్ద చూపు అయిపోయింది.

ఆయన కాసేపు కేకు చుట్టిన కాగితం మడతలు పెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, కానీ పదమూడో రోజే కదమ్మా, ఇరవై రెండులోంచి తొమ్మిది తీస్తే పదమూడే వస్తుంది.

అమ్మా అన్నారు నన్ను. సెక్రటరీ గారూ అనలేదు.

అవునండీ, పదమూడే అన్నాను.

ఎన్నిక. రోన్యా ఉంటానంది. నేను ఉంటానన్నాను. మూడో వ్యక్తి ఎవరన్నా ఉన్నారా అని నియమం ప్రకారం మూడుసార్లు అడిగాను. పేర్లు తెలియని ఇద్దరూ చాలా మంచి పని చేస్తున్నారు మీరు, ఇలాంటివి ఉండాలి అన్నారు. ఎవరూ లేరు అని మూడుసార్లు రాసుకున్నాను.

15 మార్చి, శనివారం

ఒక్కరు. ఒక్కళ్ళు దొరికితే చాలు.

18 మార్చి, మంగళవారం

నోవాక్ గారు రాలేదు. ఇన్నేళ్ళలో ఇది మొదటిసారి. ఫోన్ చేశాను, జలుబు అన్నారు. గొంతులో జలుబు లేదు.

రోన్యా, నేనూ కలిసి మెషీన్ నడపబోయాం, రెండో రీలు దగ్గర తెగింది. ఉన్న ఆరుగురినీ పంపించేశాం. పంపే ముందు నిలబడి అడిగాను. మేం ఇద్దరం ఉన్నాం, మూడో మనిషిని మేమే చేర్చుకోవచ్చు, పన్నెండో నిబంధన, ఎన్నిక కూడా అక్కర్లేదు, వారానికి ఒక సాయంత్రం, మీలో ఎవరన్నా. ఒకమ్మాయి కళ్ళు చెమర్చాయి. ఎంత పాడు రోజులొచ్చాయి, ఇలాంటి చోట్లు మూసేస్తున్నారు అంది. మరి నువ్వు ఉంటావా అన్నాను. నాకు మంగళవారం యోగా అంది.

21 మార్చి, శుక్రవారం

క్యాంటీన్ ముందు బల్ల వేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. అట్ట మీద ఇంకొకరు కావాలి అని రాశాను. నలభై మంది దాకా మాట్లాడారు. మంచివాళ్ళే అందరూ. చాలామంది ఫొటో తీసుకున్నారు. ఒకడు అట్ట మీద అక్షరాలు బాగున్నాయన్నాడు.

నాకు వీళ్ళ మీద కోపం రావాలి. రావట్లేదు. నేను మొదటి సెమిస్టర్‌లో ఎలా ఉండేదాన్నో గుర్తుంది. ఫిన్‌స్టర్‌వాల్డె అనే చిన్న ఊరి నుంచి వచ్చాను, రెండు నెలలు దుకాణంలో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. వానకి తలదాచుకోడానికి ఆ మెట్లు దిగాను. లోపల ఒక పెద్దాయన, ఆలస్యమయ్యారు, కానీ మీ కుర్చీ ఖాళీగానే ఉంది అన్నారు. నా కుర్చీ అంట. నా కోసం ఉంచినట్టు. ఆ మాటకే ఉండిపోయాను. ఎవరన్నా ఆ రోజు నన్ను బోర్డులో చేరతావా అని అడిగుంటే పారిపోయేదాన్ని.

25 మార్చి, మంగళవారం

దొరికాడు. పేరు లియాండర్, మూడో సెమిస్టర్, రోన్యాతో గోడలెక్కే ఆటకి వస్తాడట. నవ్వు మొహం. సరే చేరతా, పోయేదేముంది అన్నాడు. నోటరీ దగ్గర శుక్రవారం పదకొండింటికి. నియమావళి చదువుకో అని ఒక కాపీ ఇచ్చాను.

నోవాక్ గారికి ఫోన్ చేసి చెప్పాను. వచ్చే మంగళవారం రెండో మెషీన్ బెల్టు మార్చాలి, కొత్త బెల్టు నా దగ్గరుంది అన్నారు. ఆ గొంతు వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

28 మార్చి, శుక్రవారం, పదకొండూ నలభై

నోటరీ గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. రోన్యా పక్కన గోళ్ళు కొరుక్కుంటోంది. లియాండర్ ఫోన్ ఎత్తట్లేదు.

అదే రోజు, రెండు గంటలు

మెసేజ్ పెట్టాడు. నియమావళి అమ్మకి చూపించాడట. అమ్మ లాయరు. బోర్డులో సంతకం చేస్తే ఏదన్నా జరిగితే బాధ్యత నీ నెత్తికి చుట్టుకుంటుంది, వద్దు అందట. సారీ, మీరు చేస్తున్నది నిజంగా గొప్ప పని అని రాశాడు.

చదువుకోమని ఇచ్చింది నేనే. ఇవ్వమని ఎవరూ అడగలేదు. ఇవ్వడం పద్ధతి కాబట్టి ఇచ్చాను.

31 మార్చి, సోమవారం

రెండు తాళం చెవులు పెట్సోల్ట్ మేడమ్ బల్ల మీద పెట్టాను. మూడోది నోవాక్ గారి దగ్గరుంది, ఆయనే తెచ్చారు, టై కట్టుకుని. చెవి అప్పగించినట్టు రసీదు అడిగారు. మేడమ్ చేత్తో రాసిచ్చారు. ఆయన మూలన పెన్సిల్‌తో తారీకు వేసుకుని జేబులో పెట్టుకున్నారు.

బయట మెట్ల మీద ఆయనతో చెప్పేశాను. తప్పు మీది కాదండీ, ఉత్తరం ఐదూ ఇరవైకి వేశాను, ఈత కొడుతూ ఉండిపోయాను, మీరన్న మాట నేను రాయకపోయినా సరిపోయేది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నేను అనకపోతే మీరు రాసేవారు కాదు, నేను అన్నాక రాయకపోతే మీరు సెక్రటరీ కాదు అన్నారు.

ఇద్దరం సరిగ్గానే చేశాం. దాని వల్లే పోయింది. దీన్ని ఎవరికి చెప్పుకోవాలి?

8 ఏప్రిల్, మంగళవారం

మెషీన్లు తీసుకెళ్ళడానికి లారీ వచ్చింది. ఏదో సాంకేతిక వస్తువుల గోడౌన్‌కి. నోవాక్ గారు నిన్ననే వచ్చి రెండింటికీ నూనె పెట్టి, చీటీలు కట్టారు. ఎడమది: బెల్టు కొత్తది. కుడిది: చలికాలం గంట ముందు వేడెక్కించాలి. మోసేవాళ్ళు చీటీలు చూసి నవ్వుకున్నారు. తాతా, వీటిని ఇంకెవడు నడుపుతాడు, ఇవి మూలన పడుంటాయి అన్నాడు ఒకడు. మూలనున్నా బెల్టు కొత్తదే కదా అన్నారాయన.

మీవేనా అని అడిగాడు లారీ అతను. కావు అన్నారు.

లారీ పోయాక ఇద్దరం ఖాళీ గదిలో నిలబడ్డాం. గోడ మీద సున్నం పెచ్చు లేచిన చోట నల్లగా ఉంది. ఆయన బొటనవేలితో రాసి చూసుకున్నారు. ఇంకా అంటుకుంటోంది అన్నారు. చెయ్యి తుడుచుకోకుండానే ట్రామెక్కారు.

17 జూన్, మంగళవారం

కొత్తవాళ్ళ పుస్తకంలోంచి మా పేరు తీసేయమని రాశాను. మార్పులకి గడువు మే ముప్పైతో ముగిసింది అని జవాబు, కంప్యూటర్ పంపిన జవాబు. గడువు అంటే గడువే. నాకు తెలీదా.

2 సెప్టెంబర్, మంగళవారం

నోవాక్ గారికి ఫోన్. బాగున్నా అన్నారు. ఏం చేస్తున్నారంటే, ఇవాళ ఏ వారం అని అడిగారు. పరాచికం కాదు.

9 అక్టోబర్, గురువారం

పుస్తకం వచ్చింది. మెరిసే కాగితం, అట్ట మీద చెరువులో దూకుతున్న పిల్లలు. ముప్పై ఒకటోది మేము. పక్కన ఎవరో ఎడిటర్ చిన్న నక్షత్రం గుర్తు కూడా పెట్టారు: ఊళ్ళో అతి వెచ్చని చోటు, తప్పకుండా చూడండి.

లాంజ్ పని ఇంకా మొదలవలేదు. తలుపుకి తాళం మాత్రం కొత్తది. మంగళవారం వెళ్ళి మూసివేయబడింది అని కాగితం అంటించి రావాలి. ఎవరో ఒకరు చెయ్యాలి కదా, వానలో వచ్చి నిలబడతారు పాపం.

14 అక్టోబర్, మంగళవారం

హాజరు: కొత్త స్టూడెంట్లు పదకొండు మంది, నోవాక్ గారు, నేను. వాన.

నేను వెళ్ళేసరికి ఏడూ ఇరవై. పదకొండు మందీ మెట్ల మీద వరసగా నిలబడి ఉన్నారు, చేతుల్లో పుస్తకం. అందరికన్నా కింద, తాళం పక్కన, టై కట్టుకుని నోవాక్ గారు. ఆరున్నర నుంచీ ఉన్నారట. వచ్చినవాళ్ళకల్లా, చలికాలం కదా, మెషీన్ వేడెక్కుతోంది, ఏడున్నరకి మొదలవుతుంది, మీ కుర్చీ ఖాళీగానే ఉంది అని చెబుతున్నారు. ఆయన నోట నిజం కాని మాట నేను వినడం ఇదే మొదలు.

ఇదిగో, మా సెక్రటరీ గారు వచ్చారు అన్నారు నన్ను చూసి. పదకొండు మొహాలూ నా వైపు తిరిగాయి.

మార్చిలో మాకు కావలసింది ఒక్కరు.

మూసివేయబడింది అన్న కాగితం బ్యాగ్‌లోనే ఉంది. ఆయన చెప్పింది నేను సరిదిద్దలేదు.